ఈసాకు చేసిన పొరపాటు – మన బ్యాంకు ఖాతా



ఆదికాండము 27వ అధ్యాయం మీలో చాలామంది చదివే ఉంటారు. ఈసాకు ముసలివాడయ్యాడు. చూపు పోయింది. పెద్ద కుమారుడు ఏసావును వేటకు పంపి, అతడు తెచ్చిన మాంసం తిని, అతనిని ఆశీర్వదించాలనుకున్నాడు. ఆ మాట రిబ్కా చెవిన పడింది. ఆమె చిన్న కుమారుడు యాకోబుకు అన్న బట్టలు తొడిగి, చేతులకూ మెడకూ మేకపిల్లల తోలు చుట్టి, వండిన మాంసం చేతికిచ్చి తండ్రి వద్దకు పంపింది. తరువాత జరిగినది మీకు తెలిసిందే.

యాకోబు చేసిన పనిని ఎలా అర్థం చేసుకోవాలన్నది వేరే పాఠం, దానికి మరొక వారం కావాలి. ఈ వారం మనం ఈసాకు మంచం పక్కన కూర్చుని చూద్దాం. ఆయన తెలివి తక్కువవాడేమీ కాడు. ఆయనకు అనుమానం వచ్చింది. నీవెవరవని అడిగాడు. ఇంత త్వరగా వేట ఎలా దొరికిందని అడిగాడు. దగ్గరకు పిలిచి చేతులు తడిమి చూశాడు. గొంతు చిన్నవాడి గొంతులా ఉందని పైకే అన్నాడు. నిజంగా ఏసావువేనా అని మళ్లీ అడిగాడు. చివరకు బట్టల వాసన కూడా చూశాడు. ఇన్ని పరీక్షలు పెట్టి కూడా ఆయన మోసపోయాడు. ఎందుకు? ప్రతి ప్రశ్నకూ జవాబును ఎదుట నిలబడినవాడి దగ్గరే తీసుకున్నాడు. ఆయనకు సేవకులు ఉన్నారు. ఒక్కరిని కేకవేసి, "ఏసావు పొలం నుంచి వచ్చాడేమో చూసి చెప్పు" అని ఉంటే సరిపోయేది.

ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఈనాడు మన కుటుంబాలలో బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నది అచ్చం ఈ పద్ధతిలోనే. దొంగ బ్యాంకు గోడకు కన్నం వేయడం లేదు. మన గుమ్మం దగ్గరకు వచ్చి, అన్న బట్టలు వేసుకుని, తలుపు మన చేతనే తీయిస్తున్నాడు.

ఎలాగో చూడండి. ఒక మధ్యాహ్నం పూట మీ ఫోను మోగుతుంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లారు, ఇంట్లో మీరు ఒక్కరే ఉన్నారు. అవతలి మనిషి మీ పేరు పెట్టి మర్యాదగా పిలుస్తాడు. మీ పేరుతో విదేశానికి వెళ్తున్న పార్సిలులో మత్తుమందులు దొరికాయంటాడు. మీరు ఏ పార్సిలూ పంపలేదంటారు. "అయితే మీ ఆధార్‌ను ఎవరో వాడుకున్నారమ్మా, వెంటనే ముంబయి పోలీసులకు ఫిర్యాదు చేయండి, నేనే కలుపుతాను" అంటాడు. కలుపుతాడు. ఇప్పుడు వీడియోలో ఒక పోలీసు అధికారి కనిపిస్తాడు. ఖాకీ బట్టలు, వెనుక జాతీయ జెండా, బల్ల మీద ఫైళ్లు. మీ ఆధార్ సంఖ్య ఆయనే చదివి వినిపిస్తాడు. మీకు ఏ బ్యాంకులో ఖాతా ఉందో కూడా చెబుతాడు. అనుమానం ఉంటే చూసుకోమని గుర్తింపు కార్డు పంపుతాడు. సుప్రీంకోర్టు ముద్ర వేసిన కాగితమూ పంపుతాడు. మిమ్మల్ని "డిజిటల్ అరెస్టు" చేశామని, ఫోను పెట్టవద్దని, గది దాటవద్దని, ఇంట్లోవారికి చెబితే వారూ కేసులో ఇరుక్కుంటారని హెచ్చరిస్తాడు. మీ ఖాతాలోని సొమ్ము న్యాయమైనదో కాదో పరిశీలించాలి కాబట్టి, దానిని "రిజర్వు బ్యాంకు ఖాతా"కు పంపాలని, రెండు రోజుల్లో తిరిగి వస్తుందని చెబుతాడు.

ఇక్కడ మీరు కూడా ఈసాకులాగే పరీక్షలు చేశారు, గమనించారా? పేరు సరిపోయింది. ఆధార్ సంఖ్య సరిపోయింది. కార్డు చూశారు. యూనిఫారం చూశారు. అయితే అవన్నీ అతను చుట్టుకుని వచ్చిన మేకతోలే. మన ఆధార్ జిరాక్సులు ఎన్నిచోట్ల ఇచ్చామో మనకే గుర్తులేదు. సిమ్ కార్డు దుకాణంలో, లాడ్జిలో, చీటీల దగ్గర, ఉద్యోగ దరఖాస్తుల్లో ఇస్తూనే ఉన్నాము. మన వివరాలు తెలిసినంత మాత్రాన అవతలివాడు అధికారి కాడు.

నిజమేమిటో వినండి. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. ప్రధానమంత్రి 2024 అక్టోబరులో రేడియో ప్రసంగంలో ఈ సంగతి దేశమంతటికీ చెప్పారు. పోలీసులు విచారణ నోటీసులను వాట్సాప్ ద్వారా ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఈ డిజిటల్ అరెస్టు మోసాలపై దేశవ్యాప్తంగా దర్యాప్తు చేయమని అదే కోర్టు 2025 డిసెంబరులో సీబీఐని ఆదేశించింది. ఇక రిజర్వు బ్యాంకు అన్నది బ్యాంకులకు బ్యాంకు. సామాన్యులకు అది ఖాతాలు తెరవదు, మన సొమ్మును పరిశీలన పేరుతో తన దగ్గర పెట్టుకోదు. కాబట్టి ఆ మాట వినిపించిన క్షణంలోనే ఫోను పెట్టేయవచ్చు. మర్యాద గురించి ఆలోచించవద్దు. మన పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఉపాధ్యాయులుగా, నర్సులుగా, ప్రభుత్వోద్యోగులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారికి, అధికారి మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం తప్పుగా తోస్తుంది. దొంగకు కావలసింది ఆ మంచితనమే.

"ఎవరికీ చెప్పవద్దు" అన్న మాటను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఈ మోసాల వేషాలు మారుతుంటాయి గాని ఈ మాట మారదు. ఒక్కసారి మీరు కోడలితోనో, పక్కింటి వారితోనో, విచారణ గురువుతోనో చెబితే చాలు, ఆ నాటకం నిలబడదని వాడికి తెలుసు. గుడారం బయట ఉన్న మనిషిని మీరు పిలవకుండా చేయడమే వాడి పని. నిజమైన పోలీసు, నిజమైన బ్యాంకు మేనేజరు, మీ ఇంట్లోవారిని సంప్రదించుకుంటానంటే భయపడరు.

మిగిలిన వేషాలు కొన్ని క్లుప్తంగా చెబుతాను.

కేవైసీ గడువు అయిపోయింది, ఈ రాత్రికి ఖాతా ఆగిపోతుంది అని సందేశం వస్తుంది. కింద నీలిరంగు లింకు ఉంటుంది. నొక్కకండి. రేపు ఉదయం పాస్‌బుక్ పట్టుకుని శాఖకు వెళ్లి అడగండి. మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోగా "బ్యాంక్.ఇన్" అనే చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిరునామా చివర ఆ మాట లేకపోతే అది మీ బ్యాంకు పేజీ అని నమ్మవద్దు.

గ్యాసు బుకింగు కుదరలేదనో, డబ్బు కట్ అయింది గాని చేరలేదనో మనం ఇంటర్నెట్‌లో వెతికి, కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తాము. ఆ నంబరును దొంగలే పెట్టి ఉండవచ్చు. ఇక్కడ ఫోన్ చేసింది మనమే కాబట్టి మనకు అనుమానం కూడా రాదు. వాడు ఒక యాప్ వేసుకోమంటాడు. అది వేసుకుంటే మీ ఫోను తెర మీద కనిపించేదంతా వాడికీ కనిపిస్తుంది. బ్యాంకు నంబరు కావాలంటే కార్డు వెనుక చూడండి, పాస్‌బుక్ మీద చూడండి.

పాత మంచం అమ్ముతామని ప్రకటన ఇస్తే, ఎవరో కొంటామని, డబ్బు పంపుతామని, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని చెబుతారు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. డబ్బు తీసుకోవడానికి ఎన్నడూ పిన్ అక్కరలేదు. ఈ ఒక్క వాక్యం పదిమందికి చెప్పండి. క్యూఆర్ కోడ్ మాట వచ్చింది కాబట్టి విచారణ పెద్దలకు ఒక సూచన. దేవాలయ కానుకల కోసం ద్వారం దగ్గర అంటించిన కోడ్‌ను ప్రతి ఆదివారం పూజకు ముందు ఒకరు స్కాన్ చేసి, ఎవరి పేరు వస్తున్నదో చూడాలి. దుకాణాలలో అసలు కోడ్ మీద మరొకటి అంటించిపోయిన సంఘటనలు జరిగాయి, గుడి ద్వారం దానికి అతీతం కాదు.

పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, రైతు పథకం, క్రిస్మస్ శుభాకాంక్షలు అంటూ వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. పేరు చివర "ఏపీకే" అని ఉంటుంది. అది శుభలేఖ కాదు, ఒక యాప్. తెరిచి అనుమతులు ఇచ్చారంటే మీకు వచ్చే ఓటీపీలను అదే చదివి వాడికి పంపుతుంది. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా తెరవకండి, ఎందుకంటే వారి ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు.

మన గురువుల, పీఠాధిపతుల ఫోటోలు పెట్టుకుని, "అత్యవసరంగా ఒక రోగికి సహాయం కావాలి, నేను సమావేశంలో ఉన్నాను, మాట్లాడలేను" అని విశ్వాసులకు సందేశాలు పంపేవారు ఉన్నారు. దానం చేయాలన్న మనసు మంచిదే. అయితే పంపే ముందు విచారణ గృహానికి ఫోన్ చేయండి, లేదా సాయంకాలం జపమాలకు వెళ్లినప్పుడు స్వయంగా అడగండి. ఏ గురువూ దానికి నొచ్చుకోరు.

గొంతు విషయం కూడా చెప్పాలి. ఈసాకుకు గొంతు దగ్గర అనుమానం వచ్చింది. మనకు ఆ ఆధారం కూడా పోయింది. మనిషి గొంతును కొద్దిసేపు విని, అదే గొంతుతో మాట్లాడించే కంప్యూటర్ పద్ధతులు వచ్చాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఏడుస్తూ, "అమ్మా, నన్ను పట్టుకున్నారు, డబ్బు పంపు" అన్నట్టు వినిపించవచ్చు. తల్లి గుండె ఆగుతుందా? అందుకని ముందే ఏర్పాటు చేసుకోండి. ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి. చిన్నప్పటి మేక పేరో, అమ్మమ్మ ఊరిలోని చెరువు పేరో, బయటివారికి తెలియనిది, ఫేస్‌బుక్‌లో ఎన్నడూ రాయనిది అయితే చాలు. ఆ మాట అడగండి. లేదా ఫోను పెట్టేసి, మీ దగ్గర ఉన్న పాత నంబరుకు మీరే చేయండి.

ఫోనే వాడని పెద్దవారికి ప్రమాదం లేదనుకోవద్దు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడింటితో ఊరిలో డబ్బు తీసుకునే సదుపాయం ఉంది కదా. దానికి కార్డూ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. ఆస్తి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి ఖాతాల్లో డబ్బు లాగిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోగాని యాప్‌లోగాని వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది, మీ మనుమడికి చెబితే అయిదు నిమిషాల్లో చేస్తాడు. అయితే తాళం వేసి ఉంటే రేషను దుకాణంలోనూ వేలిముద్ర పడదు. ఆ రోజు కాసేపు తీసి, పని అయ్యాక మళ్లీ వేసుకోవాలి. అది ఇబ్బంది అనిపిస్తే, వేలిముద్రతో డబ్బు తీసే సదుపాయం ఆపమని బ్యాంకులో రాసి ఇవ్వవచ్చునేమో అడగండి. ఎక్కువ మొత్తాన్ని రోజూ వాడే ఖాతాలో ఉంచవద్దు. ఫోనుకు కలిపిన ఖాతాలో నెల ఖర్చు ఉంటే చాలు.

ఇప్పటివరకు మన సొమ్ము పోవడం గురించి మాట్లాడుకున్నాము. మన ఖాతాతో మరొకరి సొమ్ము పోవడం గురించి మాట్లాడాలి. ఇది తల్లిదండ్రులు తప్పక చదవాలి.

దొంగ మీ దగ్గర కొట్టేసిన డబ్బును తన పేరున ఉన్న ఖాతాలో వేసుకోడు. అలా చేస్తే ఆ సాయంత్రమే దొరికిపోతాడు. వాడికి వేరేవాళ్ల ఖాతాలు కావాలి. కాలేజీ కుర్రవాళ్లను, పని లేని యువకులను పట్టుకుని, "నీ ఖాతా పదిరోజులు ఇవ్వు, కార్డు, సిమ్ నా దగ్గర ఉంచు, అయిదువేలిస్తాను" అంటారు. లేదా "నీ ఖాతాకు డబ్బు వస్తుంది, కమీషన్ ఉంచుకుని మిగిలినది ఈ నంబరుకు పంపు, ఇంటి నుంచే ఉద్యోగం" అంటారు. అబ్బాయికి ఇది ఉద్యోగంలాగే కనిపిస్తుంది. ఎవరినీ మోసం చేయలేదు, అబద్ధం చెప్పలేదు, ఖాతా ఇచ్చాడంతే. కాని గుంటూరులోనో గువాహటిలోనో ఒక విధవరాలు కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము ఆ ఖాతా గుండానే పోతుంది. పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో ఆ ఇంటికే. ఖాతా స్తంభించిపోతుంది. స్కాలర్‌షిప్ ఆగుతుంది. కేసు నమోదైతే పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి అడ్డు వస్తుంది.

సత్యోపదేశంలో ఏడవ ఆజ్ఞ కింద మనం చిన్నప్పుడు ఏమి నేర్చుకున్నాము? దొంగిలించడం మాత్రమే పాపమని కాదు, దొంగకు సహకరించడం, దొంగసొమ్మును దాచిపెట్టడం, దానిలో పాలు పంచుకోవడం కూడా ఆ ఆజ్ఞను మీరడమే. దానితోపాటు తిరిగి చెల్లించే బాధ్యత కూడా ఉంది. పాపసంకీర్తనంలో క్షమాపణ పొందినా, తెలిసి తీసుకున్న కమీషన్ మనది అయిపోదు. జక్కయ ప్రభువుకు విందు పెట్టి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. "నాకు తెలియదు" అన్న మాట ఒకసారికి నిజం కావచ్చు. ఊరకే అయిదువేలు ఎందుకిస్తున్నాడని ఒక్కసారైనా అనుమానం వచ్చి, అడగకుండా ఊరుకుంటే ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లలను అడగండి. నెమ్మదిగా అడగండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, వాడిని కొట్టకుండా వెంటబెట్టుకుని బ్యాంకుకు, ఆపైన పోలీసు స్టేషనుకు వెళ్లండి. మీరు ముందు వెళ్లడానికీ వారు మీ ఇంటికి రావడానికీ చాలా తేడా ఉంది.

ఫోనులో మాట్లాడే ఆ దొంగలు ఎవరని అడుగుతారు. కొన్నేళ్ల క్రితం జార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు దేశమంతా వినిపించింది. ఇప్పుడు చాలా పిలుపులు కంబోడియా, మయన్మార్ వంటి దేశాల నుంచి వస్తున్నాయి. అక్కడ కూర్చుని మాట్లాడేవారిలో మన పిల్లలు కూడా ఉన్నారు. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి విశాఖపట్నం ప్రాంతం నుంచి యువకులను కంబోడియాకు తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, బలవంతంగా ఈ మోసాలు చేయించిన ఉదంతం 2024 మేలో బయటపడింది. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామని ఏజెంటు వస్తే, అతనికి విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టవద్దు. పర్యాటక వీసా మీద ఉద్యోగానికి పంపుతామంటే అసలే వద్దు.

ఇంత చెప్పినా, మనలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు మోసపోతారు. అప్పుడు ఏమి చేయాలి?

1930 అనే నంబరుకు ఫోన్ చేయాలి. దేశమంతటికీ ఒకటే నంబరు. ఏ ఖాతా నుంచి, ఎంత, ఎప్పుడు, ఏ సంఖ్యతో పోయిందో వారు అడిగి రాసుకుంటారు. ఆ సమాచారం డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆ మేరకు ఆపుతారు. మరో బ్యాంకుకు దాటిపోయి ఉంటే ఆ బ్యాంకుకు తెలియజేస్తారు. దొంగ ఆ డబ్బును ఖాతా నుంచి ఖాతాకు మారుస్తూ ఏటీఎం దాకా తీసుకుపోతుంటాడు. అతనికన్నా మీ ఫిర్యాదు ముందు చేరాలి. అందుకే మొదటి గంట అంత విలువైనది. ఫోను కలవకపోతే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాయండి. అదే సమయంలో మరొకరు బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతాను, కార్డును ఆపించాలి. ఫిర్యాదు సంఖ్య రాసి పెట్టుకోండి. సందేశాలు, ఫోటోలు చెరపకండి. ఆగిన సొమ్ము కోర్టు ఉత్తర్వుతో తిరిగి వస్తుంది. తెలంగాణలో 2024లో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా బాధితులకు తిరిగి ఇప్పించారు. "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాము, ఫీజు కట్టండి" అని తరువాత ఎవరైనా ఫోన్ చేస్తే, వాడు రెండవ దొంగ.

బ్యాంకు బాధ్యత గురించి రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశంలో మూడు సంగతులున్నాయి. తప్పు బ్యాంకుదైతే నష్టం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ మీదీ కాక, మధ్యలో ఎక్కడో జరిగితే, సందేశం అందిన తరువాత మూడు పనిదినాలలోపు తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత భారం మీ మీద పడుతుంది. ఓటీపీ, పిన్ మీరే చెప్పి ఉంటే, మీరు బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు పోయినది మీ నష్టం, ఆ తరువాత పోయినది బ్యాంకు నష్టం. అంటే ఏ విధంగా చూసినా ఆలస్యమే మనకు శత్రువు.

ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో తెలుసా? మన ఇళ్లలోనే. సొమ్ము పోయిందని తెలిసిన పెద్దాయన మంచం మీద కూర్చుని ఉంటాడు. ఫోను పక్కనే ఉంటుంది. కొడుకుకు చెబితే ఏమంటాడో అని ఆలోచిస్తుంటాడు. "ఇంత చదువుకుని ఇలా ఎలా చేశావు నాన్నా" అంటాడని తెలుసు. కోడలు వింటుందని తెలుసు. ఒక గంట గడుస్తుంది. రాత్రి గడుస్తుంది. కొందరు నెలలు దాచారు. సొమ్ము పోయిన దుఃఖం కన్నా ఆ సిగ్గు భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు కూడా మన దేశంలో ఉన్నారు.

కాబట్టి పిల్లలకు చెబుతున్నాను. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక అమ్మతో, నాన్నతో ఇలా అనండి: "ఎవడైనా ఫోన్ చేసి భయపెట్టినా, డబ్బు పోయినా, ఏ వేళైనా నాకు చెప్పండి, నేను ఒక్క మాట కూడా అనను." అని, ఆ మాట నిలబెట్టుకోండి. 1930 అన్న అంకెలను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, తిరుహృదయ పటం కింద, వారి కళ్లద్దాలు లేకుండా కనిపించేటంత ఎత్తులో అంటించండి. దాని కింద మీ నంబరు, బ్యాంకు నంబరు, పగటిపూట ఇంట్లో ఉండే పొరుగువారి నంబరు కూడా రాయండి.